అడ్డరోడ్డు దగ్గర రెండు సెకన్లు

స్మారకోపన్యాసాల్లో సాహిత్యమో చరిత్రో విషయంగా తీసుకోవడం రివాజు. ఈ మార్కాపురం, గిద్దలూరు, కంభం నేల మీద అందుకు తగిన విషయాలకు కొదవ లేదు. చెన్నకేశవస్వామి గుడి ఉంది, పలకల పరిశ్రమ ఉంది, కంభం చెరువు ఉంది, దశాబ్దాలుగా ఎదురుచూస్తున్న వెలిగొండ నీటి ప్రాజెక్టు ఉంది. వాటన్నిటినీ పక్కనపెట్టి మోటారు సైకిలు గురించి మాట్లాడతాననడం కొందరికి చిన్న సంగతిగా తోచవచ్చు. నాకు మాత్రం ఈ ప్రాంతపు కుటుంబాలను ఇంత హఠాత్తుగా కూల్చేస్తున్నది మరొకటి కనిపించడం లేదు. కరువు వచ్చే ముందు ఆకాశం చెబుతుంది. బోరు ఎండిపోయే ముందు నీటిధార సన్నబడుతుంది. పొద్దున్నే పాలకేంద్రానికి బండి మీద పోయిన మనిషి ఇక తిరిగి రాడన్న సంగతిని మాత్రం ఏదీ ముందుగా చెప్పదు.

కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ ప్రచురించిన లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో నూటికి 44 మందికి పైగా టూవీలర్ల మీద పోతున్నవాళ్ళే. మొత్తం మృతుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది చనిపోయింది పల్లె ప్రాంతాల్లో. ట్రాఫిక్ అనగానే మనకు హైదరాబాదు, విజయవాడ కూడళ్ళు గుర్తొస్తాయి. అక్కడ బండ్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ పాకుతాయి. అద్దాలు విరుగుతాయి, గీతలు పడతాయి, మాటా మాటా పెరుగుతుంది. ప్రాణాలు ఎక్కువగా పోయేది ఖాళీగా కనిపించే రోడ్డు మీద. ప్రమాదాల్లో మూడింట రెండు వంతుల దాకా తిన్నని రోడ్డు మీదే జరిగాయని అవే లెక్కలు చెబుతున్నాయి. రోడ్లలో ఎక్కువ భాగం తిన్ననివే కదా, అందులో వింతేముందని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. అయితే తిన్నగా, నున్నగా ఉన్న రోడ్డు క్షేమమని మనం నమ్ముతున్నాం కదా, ఆ నమ్మకాన్ని ఈ లెక్క నిలబడనివ్వదు. మలుపు కనబడితే చెయ్యి దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. తిన్నని రోడ్డు మీద ఆ చెయ్యి యాక్సిలరేటరు మీదే ఉండిపోతుంది.

ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. బండి మీద జాగ్రత్త అంటే భయపడుతూ నడపడం కాదు, చేతి నేర్పు కూడా కాదు. ఎదురుగా అనుకోనిది జరిగినప్పుడు మనకు ఎంత వ్యవధి మిగిలి ఉందన్నదే జాగ్రత్తకు కొలత. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటారు సైకిలు ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్ళి పరిశీలించి 1981లో నివేదిక ప్రచురించింది. సగానికి సగం ప్రమాదాల్లో అంతకుముందు బండి వేగం గంటకు 48 కిలోమీటర్లు దాటలేదు. ప్రమాదాన్ని గుర్తించి తప్పించుకోవడానికి నడిపేవాడికి మామూలుగా దొరికిన వ్యవధి రెండు సెకన్ల లోపే. ఆ నడిపేవాళ్ళలో నూటికి 92 మంది బండి నేర్చుకున్నది సొంతంగానో, ఇంట్లోవాళ్ళ దగ్గరో, స్నేహితుల దగ్గరో. ఎక్కడి లాస్ ఏంజెలెస్, ఎక్కడి మార్కాపురం అనవచ్చు. అక్కడి రోడ్లు వేరు, అక్కడి బండ్లు వేరు, నిజమే. మనిషి కన్ను పనిచేసే తీరు మాత్రం ఒక్కటే. బండిని అన్న దగ్గరో మేనమామ దగ్గరో పొలం దారిలో నేర్చుకోవడం కూడా మనకు కొత్త కాదు.

ఆ రెండు సెకన్లు ఎలా వస్తాయో దగ్గరగా చూద్దాం. బేస్తవారిపేట నుంచి కంభం పోయే దారిలో ఒక అడ్డరోడ్డు ఉందనుకోండి. ఊళ్ళోంచి ట్రాక్టరు వచ్చి రోడ్డు అంచున ఆగుతుంది. డ్రైవరు అటూ ఇటూ చూస్తాడు. బస్సు లేదు, లారీ లేదు, ఇక ఎక్కించవచ్చనుకుంటాడు. అతని కుడివైపు నుంచి మీరు వస్తూనే ఉన్నారు. అతని చూపు మీ మీదుగానే పోయింది, అయినా మీరు అతని లెక్కలోకి రాలేదు. దీనికి అతని నిర్లక్ష్యం ఒక్కటే కారణం కాదు. ఎదురుగా వచ్చేది ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంగా వస్తోందో కన్ను దాని పరిమాణాన్ని బట్టి, అది క్షణక్షణానికీ పెరిగే తీరును బట్టి అంచనా కడుతుంది. లారీ ముఖం వెడల్పు కనుక దూరం నుంచే పెరుగుతున్నట్టు తెలుస్తుంది. సన్నని మోటారు సైకిలు మాత్రం దగ్గరికి వచ్చేదాకా చుక్కలాగే ఉండి, చివరి క్షణంలో ఒక్కసారిగా పెద్దదవుతుంది. అందుకే ఉన్నదానికంటే దూరంలో ఉన్నట్టు, వస్తున్నదానికంటే నెమ్మదిగా వస్తున్నట్టు కనిపిస్తుంది. రాత్రిపూట కారుకు రెండు దీపాల మధ్య దూరం చూసి అంచనా వేయవచ్చు. బండికి ఉన్న ఒక్క దీపం ఎంత దూరంలో ఉందో చెప్పడం ఎంత అనుభవం ఉన్నవాడికైనా కష్టమే. 2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్ల హెడ్‌లైటు పగలు కూడా వెలిగే ఉండాలన్న నిబంధన వచ్చింది ఇందుకే. కొందరు బ్యాటరీ పోతుందని దానికి స్విచ్చి పెట్టించుకుంటున్నారు. అలా పెట్టించుకోవడం తనను తాను కనబడకుండా చేసుకోవడమే.

కాబట్టి ట్రాక్టరు డ్రైవరు ముఖం చూసి, అతను మనల్ని చూశాడని ధీమా పడకూడదు. అతని ముందు చక్రాన్ని చూడాలి. చక్రం కదిలిందంటే అతని నిర్ణయం అయిపోయినట్టే. అడ్డరోడ్డు కనబడగానే యాక్సిలరేటరు వదిలి, బ్రేకు లీవరు మీద వేళ్ళు ఉంచితే చాలు, సెకనులో పెద్ద భాగం మిగులుతుంది. లారీ వెనక నక్కి పోయే బండికి మరో ముప్పు ఉంది. ఊళ్ళోంచి వచ్చినవాడు లారీ దాటిపోగానే దారి ఖాళీ అయిందనుకుని రోడ్డెక్కుతాడు. ఆ లారీ వెనక ఉన్న బండి అప్పటిదాకా అతని కంటబడే వీలే లేదు. లారీకి దూరం వదిలి, అతనికి కనబడే చోట ఉండటం పిరికితనం కాదు.

ఇక వేగం. గంటకు 40 కిలోమీటర్ల మీద బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. గుర్తించి బ్రేకు పట్టడానికి ఒక సెకను, మామూలు మనిషి మామూలు రోడ్డు మీద వేసే బ్రేకు అనుకుంటే, బండి దాదాపు 23 మీటర్లలో ఆగుతుంది. అదే 60 మీద ఉంటే ఆగడానికి 45 మీటర్ల దాకా కావాలి. వేగం ఒకటిన్నర రెట్లయితే ఆగే దూరం దాదాపు రెట్టింపయింది. ఇంతవరకు చాలామందికి తెలిసిందే. అంతగా తెలియనిది ఇంకొకటి ఉంది. 40 మీద వచ్చినవాడి బండి ఆగిపోయిన చోటికి, అంటే 23 మీటర్ల దగ్గరికి, 60 మీద వచ్చినవాడు చేరేసరికి అతని బ్రేకు సరిగ్గా పట్టుకోవడం మొదలయిందో లేదో అన్నట్టుంటుంది. బండి ఇంకా గంటకు 52 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. ఒకడు ట్రాక్టరు ముందు ఆగి నాలుగు మాటలు తిట్టి పోతాడు. ఇంకొకడు అదే ట్రాక్టరు చక్రానికి 52 మీద తగులుతాడు. ఇద్దరూ ఒకేసారి చూశారు, ఇద్దరి చేతులూ ఒకే చురుకుతో కదిలాయి. తేడా అంతా చూడకముందే జరిగిపోయింది. ఎంత చురుకైనవాడికైనా ఆ మొదటి సెకను నష్టం తప్పదు.

ఇందులో బ్రేకు గురించి ఒక మాట చెప్పక తప్పదు. మన వైపు చాలామంది ముందు బ్రేకు పడితే పల్టీ కొడతామని భయపడి వెనక బ్రేకు ఒక్కటే తొక్కుతారు. బ్రేకు పడగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. ఆపే శక్తిలో పెద్ద వాటా దానిదే. వెనక చక్రం తేలికై జారుతుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ పైబడిన బండ్లకు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, అంతకు తక్కువవాటికి రెండు చక్రాల బ్రేకులూ కలిసి పనిచేసే ఏర్పాటు తప్పనిసరి చేశారు. పాత బండ్లు ఇంకా లక్షల్లో ఉన్నాయి. వాటి మీద రెండు బ్రేకులూ కలిపి, ముందుదాన్ని గుంజకుండా క్రమంగా బిగిస్తూ పట్టడం ఖాళీ మైదానంలో సాధన చేయవలసిన పని. ప్రమాదం వచ్చినప్పుడు నేర్చుకుందామంటే కుదరదు. కంకర మీద, ఇసక మీద మాత్రం ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదు. అడ్డరోడ్ల దగ్గర ట్రాక్టర్ల చక్రాలతో తారు మీదికి వచ్చిన మట్టీ కంకరా ఎప్పుడూ ఉంటాయి కనుక, బ్రేకు పని అక్కడికి చేరకముందే అయిపోవాలి.

ఇది ఇంత గట్టిగా చెప్పడానికి ఈ ప్రాంతపు పరిస్థితి కూడా కారణం. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు, కంభం కర్నూలు జిల్లాలోవి. ఆ రెండు జిల్లాల్లోనూ ముఖ్య పట్టణానికి దూరంగానే ఉండేవి. ఇప్పుడు గుంటూరు నుంచి అనంతపురం పోయే 544డి జాతీయ రహదారి వినుకొండ, కంభం, గిద్దలూరు మీదుగా పోతోంది. రోడ్డు వెడల్పయింది, దూరప్రాంతపు లారీలు పెరిగాయి. అదే రోడ్డు మీద కందులో మిరపకాయలో ఆరబోస్తాం, గొర్రెల మంద దాటుతుంది, కూలీల ఆటో ఎక్కడంటే అక్కడ ఆగుతుంది, ఎండాకాలంలో నీళ్ళ ట్యాంకరు దారి పొడుగునా తడిపి పోతుంది. రాత్రయితే వెనక దీపం లేని ట్రాక్టరు ట్రక్కు రోడ్డు వారన నిలబడి ఉంటుంది. నల్లని గేదె నల్లని తారు మీద దగ్గరికి వెళ్ళేదాకా కనబడదు. ఎదురుబండి లైటు కళ్ళలో కొట్టినప్పుడు ఆ కొన్ని క్షణాలు మనం గుడ్డిగా పోతున్నట్టే. మామూలు హెడ్‌లైటు డిమ్ మీద వెలుతురు పడేది కొన్ని పదుల మీటర్లు. అది చూపించే దూరంలో ఆగలేని వేగం ఏదైనా, చూడకుండా పోయే వేగమే. జనం తమ బతుకంతా రోడ్డు మీదికి తెచ్చుకున్నారని వారిని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. రోడ్డే వాళ్ళ ఊళ్ళ మధ్య నుంచి వచ్చింది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. తప్పు ట్రాక్టరువాడిది, ఆటోవాడిది, రోడ్డు వేసినవాడిది. బండివాడే ఎందుకు తగ్గాలి? ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. అడ్డరోడ్డు మొగదల గుర్తులు పెట్టని అధికారి, రంగు వేయకుండా స్పీడ్ బ్రేకరు కట్టిన గుత్తేదారు, ట్రక్కుకు ఎరుపు రిఫ్లెక్టరు అతికించని యజమాని జవాబు చెప్పవలసినవాళ్ళే. 2022 ప్రభుత్వ లెక్కల్లో మృతుల్లో నూటికి 71 మందికి అతివేగమే కారణమని రాశారు. దర్యాప్తు లేకుండా అన్నిటికీ అదే కారణం రాసేసి రోడ్డు తప్పును దాచే అలవాటు ఉందన్న అనుమానం నాకూ ఉంది. అయినా ఎవరిది తప్పన్నది తేలేది కేసు నడిచాక. ఎవరి ప్రాణం పోయిందన్నది అక్కడికక్కడే తేలిపోతుంది. లారీలో ఉన్నవాడికి చుట్టూ ఇనుము ఉంది, బండివాడి చుట్టూ ఏమీ లేదు. న్యాయం అడగాలంటే ముందు మనిషి మిగలాలి. రోడ్డు బాగుచేయమని పోరాడటానికీ, అది బాగయ్యేదాకా వేగం తగ్గించడానికీ మధ్య వైరుధ్యం లేదు.

మెల్లగా పోతే వెనక లారీవాడు గుద్దుతాడని ఇంకొందరంటారు. రోడ్డు మధ్యలో, అద్దాలు లేకుండా మెల్లగా పోతే గుద్దే ప్రమాదం ఉంది. అందుకే అద్దాలు పీకేసి అందమనుకోవడం మానాలి, ఎడమవైపు ఉండాలి, వెనకవాడికి దారివ్వాలి. నల్లమల ఘాట్లలో లారీకి దూరంగా ఉండటం మరీ అవసరం. గిద్దలూరు నుంచి నంద్యాల వైపు దిగువమెట్ట దాటాక, దోర్నాల నుంచి శ్రీశైలం పోయేటప్పుడు, మలుపులో పొడుగాటి లారీ వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో పోవు, లోపలివైపుకు కోసుకుని వస్తాయి. లారీకీ మలుపు లోపలి అంచుకీ మధ్య ఉన్న సందు అంతవరకు ఖాళీగా కనబడి, ఒక్కసారిగా మూసుకుపోతుంది. ఎదురుబండి ఎంత దూరంలో ఉందో కనబడని మలుపులో దాటడం గురించి వేరే చెప్పనక్కరలేదు.

హెల్మెట్ విషయానికి వస్తాను. అది ప్రమాదాన్ని ఆపదు. వ్యవధి చాలనప్పుడు మిగిలే చివరి రక్షణ అది. ప్రపంచమంతటా జరిగిన అధ్యయనాలను కలిపి పరిశీలించిన కొక్రేన్ సమీక్ష 2008లో తేల్చినదాని ప్రకారం హెల్మెట్ వల్ల మరణించే ప్రమాదం నూటికి 42 వంతులు, తలకు గాయమయ్యే ప్రమాదం 69 వంతులు తగ్గుతుంది. 2022లో మన దేశంలో హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్ళు 50,029 మంది. వారిలో 14 వేల మందికి పైగా వెనక కూర్చున్నవాళ్ళు. మన ఊళ్ళలో వెనక కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను నాలుగేళ్ళు పైబడిన ప్రతివాళ్ళకూ హెల్మెట్ ఉండాలంటోంది. ఎండలు 40 డిగ్రీలు దాటే మార్కాపురంలో హెల్మెట్ పెట్టుకోవడం కష్టమే, కాదనను. గాలి వచ్చే రంధ్రాలున్నవి, లేత రంగువి దొరుకుతాయి. లోపల పల్చని నూలుగుడ్డ కట్టుకుంటే చెమట పీలుస్తుంది. పోలీసు కనబడేదాకా ట్యాంకు మీద, మోచేతికి వేలాడే హెల్మెట్‌తో ప్రయోజనం లేదు. గడ్డం కింది పట్టీ బిగించకపోతే అది తలకంటే ముందే ఎగిరిపోతుంది. పట్టీకీ గడ్డానికీ మధ్య రెండు వేళ్ళు మాత్రమే పట్టాలి. ఐఎస్ఐ గుర్తుతో 4151 అన్న సంఖ్య చూసి కొనాలి. రోడ్డు పక్కన అమ్మే ప్లాస్టిక్ చిప్ప జరిమానా నుంచి కాపాడుతుందేమో, దెబ్బ నుంచి కాపాడదు.

నాకు అన్నిటికంటే బరువుగా తోచే అభ్యంతరం పేదరికానిది. ఊరికి బస్సు రాదు, ఆటోకు చార్జీ లేదు, ఉన్నది ఒక్క బండి, పోవలసినవాళ్ళు నలుగురు. వాళ్ళకు 128వ సెక్షను ప్రకారం వెనక ఒక్కరే కూర్చోవాలని చెప్పి ఊరుకుంటే నాలాంటివాడు వాళ్ళ బతుకు తెలియనివాడవుతాడు. బండిమీద ముగ్గురో నలుగురో ఉన్నప్పుడు ఆగే దూరం పెరుగుతుంది, ముందు చక్రం తేలికై హ్యాండిలు వణుకుతుంది, పక్కకు కూర్చున్న తల్లి చీరకొంగు చైనులో పడుతుంది. ఇది వాళ్ళకు తెలియక కాదు, గత్యంతరం లేక. అందుకే బస్సు రోడ్డు భద్రతలో భాగమని నేను వాదిస్తున్నాను. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్ళకు ఆర్టీసీ పల్లెవెలుగు బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. బస్సు వచ్చే ఊళ్ళో అది ఎందరినో బండి వెనక సీటు నుంచి దింపగలదు. బస్సే రాని ఊరికి ఉచితం వల్ల ఒరిగేదేముంది? అర్ధవీడు, పుల్లలచెరువు, కొమరోలు మండలాల ఊళ్ళకు సర్వీసులు అడగడం హెల్మెట్ ప్రచారమంత ముఖ్యం. బస్సు వచ్చేదాకా ముగ్గురితో పోక తప్పనివాళ్ళు కనీసం పెద్దరోడ్డు ఎక్కకుండా, ముప్పై దాటకుండా పోవాలి. చట్టం ప్రకారం ఇదీ తప్పే. కానీ ప్రాణం పోయే అవకాశం ఇందులో తక్కువ.

ఇక్కడ జాగ్రత్త మరింత అవసరం కావడానికి మరో కారణం దూరం. తలకు పెద్ద దెబ్బ తగిలితే మార్కాపురం నుంచి పొదిలి మీదుగా ఒంగోలు దాదాపు వంద కిలోమీటర్లు. లేదంటే గుంటూరుకో కర్నూలుకో పోవాలి. దెబ్బ తగిలాక మొదటి గంటలో అందే వైద్యమే ప్రాణాన్ని నిలుపుతుందంటారు. మనకు ఆ గంట దారిలోనే అయిపోతుంది. నగరంలో బతికే దెబ్బ ఇక్కడ చంపుతుంది కనుక నగరంలో వాడికంటే మనం ఎక్కువ వ్యవధి చేతిలో ఉంచుకోవాలి. పడిన మనిషిని చూసినవాళ్ళు పోలీసు కేసుకు భయపడి పక్కకు తప్పుకోనక్కరలేదు. చట్టంలో 2019లో చేర్చిన 134ఏ సెక్షను సాయం చేసినవారికి రక్షణ ఇస్తోంది. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం కింద ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల దాకా నగదు లేని వైద్యం ఉంది. 108 అంబులెన్సుకు ఫోను చేసి, ఊపిరి ఆడుతోంటే మెడ కదలకుండా పట్టి ఉంచాలి. నోట్లో నీళ్ళు పోయకూడదు. హెల్మెట్‌ను ఆదరాబాదరాగా లాగకూడదు. ఆటోలో ముడిచి పడుకోబెట్టి తీసుకుపోతే విరిగిన మెడ వెన్నుపామును తెంచేయవచ్చు.

ఇంత చెప్పాక కూడా తలరాత ఎవరు తప్పిస్తారని అడిగేవాళ్ళుంటారు. ఆ మాట అనే రైతే బోరు మోటారు ముట్టుకునే ముందు ఫ్యూజు పీకుతాడు. తలరాత మీద నమ్మకం అక్కడ జాగ్రత్తకు అడ్డం రాలేదు, బండి దగ్గరా రానక్కరలేదు.

చివరగా పిల్లల సంగతి. ఇంటరు చదివే పదహారేళ్ళ కుర్రాడి చేతికి 150 సీసీ బండి తాళం ఇస్తున్నాం. చట్టంలో 199ఏ సెక్షను ప్రకారం మైనరు బండి నడిపి ఆ చట్టం కింద నేరం చేస్తే బండి యజమానికో తల్లిదండ్రులకో 25 వేల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దు. ఆ సంగతి తెలిసిన తండ్రి కూడా ఇస్తున్నాడంటే గారాబం ఒక్కటే కారణం కాదు, కాలేజీ వేళకు బస్సు లేకపోవడం కూడా. కనుక మార్కాపురం, గిద్దలూరు, కంభం కాలేజీల యాజమాన్యాలను ఈ వేదిక నుంచి రెండు పనులు అడుగుతున్నాను. లైసెన్సు చూడకుండా ఏ విద్యార్థి బండినీ ఆవరణలోకి రానివ్వవద్దు. ఆ నిబంధన పెట్టే ముందే, ఏ ఊరి నుంచి ఎంతమంది పిల్లలు ఏ వేళకు వస్తున్నారో జాబితా తీసి, డిపో మేనేజరుతో కూర్చుని బస్సు వేళలు మార్పించండి. మొదటిది ఒక్కటే చేస్తే పిల్లలు బండిని గేటు బయట టీకొట్టు దగ్గర పెట్టి లోపలికి వస్తారు.